మా నాయన పేర్లు పలికిన దినం

"జేజీ, ఈ నున్నటి బిళ్ళ ఏంది? దీనిమింద ఏమీ ల్యాదే, దీన్ని యాలకు ఇంత జాగర్తగా దాచిపెట్టినావు?"

అది నీ చేతికెట్లొచ్చె? నా మందుల డబ్బా అంతా కెలికినావా? సరే, తీసినావు గద, ఇంగ కిందెయ్యాకు. అది సీసం, మెత్తన. బండమీద పడిందంటే ఉన్న రోంత కూడా పోతాది. ఇట్ల కూచ్చో. ఆ ఫోను పక్కన పెట్టు. ఏందీ, రికార్డు చేస్తాండావా? చేసుకో, చేసుకో. ఒగరకంగా మంచిదే.

ఏమీ ల్యాదంటివే, బొటనవేలు పెట్టి మెల్లిగా రుద్దు. తగిలిందా రోంత ఎత్తు? అది ఏనుగు వీపు. దాని చుట్టూ అక్షరాలుండె. శానా పాతవి, శాతవాహనులనే రాజుల కాలానివి. అన్నేండ్లు మన్నులో ఉన్నా చెరిగిపోలేదు అవి. అట్లాంటివాటిని నేను ఒగ పొద్దులో... ఉండు, మొదట్నుంచి చెప్తా. నడాన అడ్డం రాకు, నేను తప్పిపోతా.

మా నాయన పేరు దేవదానం. మీ నాయనకు తాత, నీకు ముత్తాత. మైదుకూరికి ఆమడ దూరంలో మా పల్లె, అక్కడ మిషన్ బడిలో అయ్యవారు. ఆదివారం గుళ్ళో వాక్యం చదివేది కూడా ఆయప్పే. సన్నంగా ఉంటాండె, గొంతు మాత్రం ఊరంతా ఇనపడేది. మా యమ్మ నా పన్నెండో యేట పోయింది. అప్పట్నుంచి ఇంట్లో పొయ్యి నాదే, పెత్తనం నాదే. ఆ పెత్తనమే చెడగొట్టింది నన్ను.

ఆయనకు పాత బిళ్ళల పిచ్చి. తొలకరి పడిందంటే చాలు, కర్నూలు పక్క జనం వజ్రాలకు చేన్లంబడి తిరుగుతారు గద, మా నాయన బిళ్ళలకు తిరుగుతాండె. గొర్లు కాసేవాళ్ళు, మడకలు దున్నేవాళ్ళు, బేతంచెర్ల పక్క బండలు కొట్టేకి పోయినవాళ్ళు, ఎవరికి దొరికినా తెచ్చి ఆయనకే ఇస్తాండ్రి. బదులుకు ఒగ బెల్లం గడ్డ. లేదంటే వాళ్ళ పిల్లోనికి పలక. పలక అప్పుడు నాలుగణాలు, నల్ల రాతి పలక, కొయ్య చట్టం బిగించి... అది కాదు నేను చెప్పేది. బిళ్ళ తెచ్చినాక ఆయనేం చేస్తాండె అంటే, దానిమింద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలు అడ్డంగా పట్టుకోని రుద్దుతాండె. బొమ్మంతా కాగితం మిందికి వస్తాది, అక్షరాల్తో సహా. నువ్వు చిన్నప్పుడు రూపాయి బిళ్ళతో ఆడుకోలా? అదే. ఆ కాగితాలు ఒగ కట్ట, బిళ్ళలేమో రకానికొగ పొట్లం కట్టి రేకు పెట్టెలో. బిళ్ళను మాత్రం కడగడు. వచ్చినవాళ్ళకందరికీ చెప్తాండె, "ఆ పాచి దాని చర్మమప్పా, చర్మం ఒలిస్తే మనిషి బతుకుతాడా?" అని. మా ఊరి రెడ్డికి కూడా అదే మాట చెప్పినాడు. నేనూ నూరుసార్లు ఇన్న్యా. ఇన్న్యానే గానీ చెవికి ఎక్కల.

రెడ్డికి కూడా బిళ్ళల సరదా ఉండె, అది చెప్పాల నీకు. ఎర్ర మకమల్ గుడ్డ పరిచిన పెట్టెలో పెట్టుకోనుండె. ఎవరో షరాబుతో మెరుగు పెట్టిచ్చినాడు వాటికి, మా నాయనతో పరిచయం కాకముందే. తళతళా మెరుస్తాండె. పేర్లు మాత్రం ఒగటీ తెలీదు, చీటీలన్నీ మా నాయనే రాసిచ్చినాడు. మంచోడే రెడ్డి. మంచోడే గానీ, మా నాయన ఆయింట్లో ఎప్పుడూ గడప దాటకుండా పంచలోనే నిలబడుకుంటాండె. ఆ కాలం అట్లాంటిది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతాది.

అప్పుడు కర్నూలే మనకు రాజధాని. గుడారాల్లో ఆఫీసులు పెట్టినారని చెప్పుకుంటాండ్రి. ఆడినుంచి పాత వస్తువులు చూసే ఆఫీసరొగాయన మైదుకూరు బంగళాకు వస్తాడని కబురొచ్చె. ఊరూరూ తిరిగి ఇట్లాంటి బిళ్ళలు చూసి, వాటి పేరూ వివరం రాసిపెట్టే మనిషి ఒగడు కావాల, జీతం ఇస్తారు, అని రెడ్డి చెప్పినాడు. "నీ మాట నేను చెప్తా దేవదానం, నీ బిళ్ళలూ కాగితాలూ పట్టుకోని రా" అన్నాడు. ఆ దినం మా నాయన రెండు ముద్దల సంకటి కూడా తినలేదు, సంతోషానికి. బడి అప్పటికే మూసేసే మాదిరి ఉండాది. అన్నిటికంటే మించి, ఆయన పుట్టి బుద్ధెరిగినాక ఇష్టపడి చేసిన పని అదొగటే. దానికే జీతమిస్తారంటే!

ఇంగ చూడు, పేర్లు పలికే తిప్పలు. మా నాయనకు ఆ పేర్లన్నీ ఒగ ఇంగ్లీషు పుస్తకంలోనివి. మిషన్ దొరసాని వాళ్ళ దేశం పోతా పోతా ఇచ్చిపోయినాది. నోరు తెరిచి ఎట్ల పలకాలో చెప్పేవాళ్ళెవరుండారు మా పల్లెలో? అన్నీ కండ్లతో నేర్చుకున్నాడు, చెవుల్తో కాదు. బిళ్ళకు బొమ్మ పక్క ఉంటాది గద, దాన్ని ఇంగ్లీషులో ఏందో అంటారు, నువ్వే చెప్పు. ఆ, అదే. మా నాయన దాన్ని "ఓబ్వర్సు" అంటాండె. ఓబులేసు పక్కా అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయనా నవ్వేవాడు. రోము దేశపు వెండి బిళ్ళలు మూడుండె ఆయన కాడ, ఒగ గొర్లాయన తెచ్చిచ్చినవి. వాటి పేరు పుస్తకంలో ఒగరకం, మా గుళ్ళో చదివే వాక్యంలో ఒగరకం. గుళ్ళో "దేనారము" అంటాము. బిళ్ళమింద తలకాయ ఎవరిదంటే "తిబెరి కైసరు". అదే తలకాయను పుస్తకం చూసి పలికితే "డినారియస్సు", "టైబీరియస్సు", "సీజరు". కడప కాలేజీ లెక్చరరొగాయన కూడా బంగళాకు వస్తాడని తెలిసినాక మా నాయనకు దిగులు పట్టుకునె. "ఆయప్ప నవ్వుతాడమ్మా. గుడి పలుకు వద్దు, పుస్తకం పలుకే పలుకుతా" అని పొద్దన్నే చేని గట్టున, గెనెం మింద నడుస్తా వల్లె వేసేది. నేను ఎనకమాలే బిందె పెట్టుకోని, తప్పు పలికితే "మళ్ళ" అనేదాన్ని. పదునైదు దినాలు. కడాకు పదికి తొమ్మిది మార్కులేస్తి.

అప్పుడు నాకు పద్దెనిమిది. టీచరు ట్రైనింగుకు కడపలో సీటుకు కాగితం పెట్టింటి. దాంట్లో ఒగ పెద్దమనిషి, ఈ పిల్ల నెమ్మదస్తురాలు, చెప్పినమాట ఇంటాది అని సంతకం చెయ్యాల. రెడ్డి చేస్తానన్నాడు. కాగితం ఆయప్ప జేబులో పెట్టుకున్నాడు, బంగళాలో ఆఫీసరు పని అయినాక చేస్తా అని. ఇది మర్చిపోవాకు, ముందర పనికొస్తాది.

పోవాల్సిన దినానికి ముందటి దినం. మా నాయన కోటు అడుక్కొచ్చుకునేకి ప్రొద్దుటూరు పోయినాడు, ఆడ ఆసుపత్రిలో కాంపౌండరు మా చుట్టమాయన. బస్సు చార్జీ ఆరణాలో ఎనిమిదణాలో. దానికే అల్లాడిపోయినాడు. నేనొక్కదాన్నే ఇంట్లో. పెట్టె తెరిచి చూస్తి. కండ్ల ముందర రెడ్డి పెట్టె మెదిలె నాకు, ఎర్ర మకమలు, తళతళలు. మావి చూస్తే నల్లగా, పాచి పట్టి, మేక పెంటికల మాదిరి. రేపు ఆ రెండూ పక్కపక్కన పెడతారు గద అనుకుంటి. నిలబడేది పంచలో, పెట్టేది ఈ పెంటికలా? మా నాయన మర్యాద ఏం గావాల? క్రిస్మసు ముందర ఇంట్లో ఇత్తడీ రాగీ అంతా ఏం చేస్తాము? చింతపండు పిసికి, ఇటుక పొడేసి, టెంకాయ పీచుతో తోమమా? అది మాకు భక్తి పాపా. ఇంటికి ఎవరన్నా వస్తాండారంటే తోమకుండా చెంబు ముట్టుకోము. చర్మం అదీ ఇదీ అని ఆయన చెప్పిందంతా ఆ పొద్దు నాకు మొగోళ్ళ మాటే అనిపించె. సామాను సంగతి ఆడదానికి తెల్దా అనుకుంటి.

తోమితి. పెద్ద తాంబాళం నిండా చింతపండు పులుసు పెట్టుకోని, ఇరవై చిల్లర బిళ్ళలు, ఒగటొగటీ. వెండివి పాల మాదిరి తెల్లగా వచ్చె. సీసపువి మాత్రం నున్నగైపాయ. అక్షరాలు కనపడల్యా. కనపడకపోతే ఏం, కాగితాలమింద ఉండాయి గదా అనుకుంటి. చూడు ఎంత తెలివో! తుడిచి, ఏ పొట్లంలోవి ఆ పొట్లంలోనే కట్టి, పెట్టె మూసేస్తి. మా నాయన వచ్చినాక, "అంతా సర్దిపెట్టినా నాయనా, విప్పాకు, దారిలో జారిపోతాయి" అంటి. మురిసిపోతాడులే, ఆడనే చూసుకోనీ, అని.

పొద్దన్నే బండి కట్టుకోని మైదుకూరు చేరితిమి. బంగళా వరండాలో నాపబండల మింద బల్లేసి, ఆఫీసరు, రెడ్డి, లెక్చరరు, ముగ్గురూ కుర్చీల్లో కూచోనుండారు. మా నాయన నిలబడుకున్నాడు. కోటు భుజాల కాడ జారిపోతాంది. నేను స్తంభం పక్కన. ఆఫీసరు సన్నటాయన, కండ్లద్దాలు, చేతిలో భూతద్దం. మొదట కాగితాల కట్ట అడిగె. ఒగటొగటీ తిప్పతా పోయి, ఏనుగు బొమ్మ కాగితం కాడ ఆగిపాయ. "అయ్యవారూ, ఈ అక్షరాలు మీరే చదివినారా?" అనె. మా నాయన చదివి ఇనిపిచ్చె. ఆ లిపి కూడా పుస్తకంలో పట్టీ చూసి నేర్చుకున్నదే. ఆఫీసరు కుర్చీలో ముందరికి జరిగె. "ఇది మాకెవరికీ ఇంతవరకు దొరకలేదు. ఈ ఒక్కదానికోసం రావచ్చు ఇంత దూరం" అనె. రెడ్డి మీసం మింద చెయ్యేసుకున్నాడు, తన బిళ్ళే అయినట్ల. నా గుండె ఉబ్బిపోతాంది. ఇంగ చూడండి మా బిళ్ళలు ఎట్ల మెరుస్తాయో అని!

"ముందు రోమువి చూపించండి" అనె ఆఫీసరు. మా నాయన మొదటి పొట్లం విప్పె. విప్పి, అట్లే నిలబడిపాయ. తెల్లగా మెరుస్తాండాయి మూడూ. ఒగదాన్ని ఎత్తి ముక్కు కాడికి తెచ్చుకునె. చింతపండు వాసన గదా, ఎంత తుడిచినా యాడికి పోతాది? అప్పుడు తలెత్తి నన్ను చూసినాడు. కోపంగా చూసింటే బాగుండు. కోపం కాదు అది. ఆ చూపు చూసినాక, నేనేందో చేసినానని అప్పుడు తెలిసె. ఏం చేసినానో ఇంగా తెలీదు.

"చెప్పండి, ఏ బిళ్ళ అది?" అనె ఆఫీసరు. పదునైదు దినాలు గెనెం మింద వల్లె వేసిన పేర్లు ఒగటి కూడా రాలేదు మా నాయనకు. కడాకు గుడి పలుకే వచ్చె. "దేనారము సార్. తిబెరి కైసరుది." లెక్చరరు పకపకా నవ్వె. "సీజరయ్యా సీజరు! కైసరేంది, కైసరు?" అని. రెడ్డి కూడా తలకాయ దించుకునె. మా నాయన పెట్టె దగ్గరికి లాక్కునె. ఆయన భయం పేరు తప్పిందని కాదు, పెట్టెలో మిగతావి ఏమైనాయో తెలిసి. అది నాకొక్కదానికే తెలుసు.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "ఎందుకు నవ్వుతారండీ? సీజరనేది ఇంగ్లీషువాళ్ళ నోటి పలుకు. ఆ రోమువాళ్ళు తమ నోటితో పలికింది, ఈ అయ్యవారు పలికినదానికే దగ్గర" అనె. ఆఫీసరు లేచి, తన పక్క కుర్చీ జరిపి, "కూచోండి అయ్యవారూ" అనె. పాపా, మా నాయన రెడ్డి ముందర కుర్చీలో కూచునేది అదే మొదలు. అంచున కూచున్నాడు. కూచున్నాడే గానీ కండ్లు పెట్టె మిందనే.

"ఏదీ, ఆ ఏనుగు బిళ్ళ తియ్యండి" అనె ఆఫీసరు.

"అది... మామూలుదే సార్. కాగితం చూసినారు గదా" అనె మా నాయన, పొట్లం మింద అరచెయ్యి పెట్టుకోని. "కాగితం కాదు, బిళ్ళ గావాల నాకు." "ఇంగోసారి పట్టుకొస్తా సార్." రెడ్డికి కోపమొచ్చె. "ఏమప్పా దేవదానం, సారు అంత మర్యాద చేస్తాంటే బిగుసుకుంటావేంది?" అని ఆయనే పొట్లం లాగి విప్పె. బిళ్ళ జారి బండమీద పడె. సీసం గద, మోగలేదు. తొప్పున ఒగ శబ్దం. ఇప్పటికీ ఇనపడతాది నాకు.

ఆఫీసరు వంగి తీసుకోని, భూతద్దం పెట్టి చూసె. కాగితం చూసె. మళ్ళ బిళ్ళ చూసె. ఎండకు తిప్పి చూసె. ఎంతసేపు చూసినాడో. "దీన్ని ఈ రెండు మూడు దినాల్లోనే తోమినారు. ఎవరు తోమినారు?" అనె. గొంతు పెంచలేదు. పెంచకుండా అడిగితే ఇంకా భయం.

నేను స్తంభం పట్టుకోనుండా. నోటికాడికి వచ్చినాది మాట, ఒట్టు, వచ్చినాది. రెడ్డి నాపక్క చూస్తాండాడు. ఆయప్ప జేబులో నా కాగితం అంచు కనపడతాంది తెల్లగా. చెప్పినమాట ఇనే పిల్ల అని సంతకం చెయ్యాల్సిన కాగితం.

"నేనే సార్" అనె మా నాయన. కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పినాడు. "మన్ను శానా ఉండాదని నేనే తోమినా."

రెడ్డి బిత్తరపోయె. "నువ్వేందప్పా! కడగద్దు, చర్మం ఒలిచినట్లని నువ్వే గద నాతో చెప్తివి?" మా నాయన తలకాయ ఎత్తలేదు. "పొరపాటైపాయ సామీ" అనె. అంతే. ఆఫీసరు బిళ్ళ బల్లమింద పెట్టి, "పేర్లు మీరు పలికినట్ల పలికేవాళ్ళు లేరు అయ్యవారూ. కానీ చెయ్యి ఆపుకోలేని మనిషికి ఈ పనియ్యలేను. ఈ అక్షరాలు ఇంగ ఎవరం తెచ్చేది?" అని కాగితాలు మాత్రం తీసుకునె. బిళ్ళ తిరిగిచ్చేసె. ఇంగ అది ఎందుకూ పనికిరాదు గద. రెడ్డి పోతా పోతా నా కాగితం మింద సంతకం పెట్టి, నా చేతిలో పెట్టె. "నువ్వన్నా మీ నాయన మాదిరి కాకుండా జాగర్తగా ఉండమ్మా" అని.

ఇంటికి పోయే దారిలో మా నాయన సంతలో బొరుగులు కొనిచ్చినాడు నాకు. బండిలో ఒగే మాట. "ఇన్న్యావామ్మా, మన పలుకే దగ్గరంట. కైసరు." అని నవ్వబాయ. ఇంగ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలా. నన్ను తిట్టింటే ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. తిట్టలా. మరుసటి యేడు బడి మూసేసిరి, బేతంచెర్లలో బండల వ్యాపారి కాడ లెక్కలు రాసేకి పోయినాడు. నేనేమో కడపలో ట్రైనింగు.

ఆమీట ముప్పై యేండ్లు బడిలో చెప్పినా పాపా. నోరు తిరగని పిల్లోళ్ళకు ఎన్నెన్ని మాటలు పలికిచ్చినా! నాకు నోరు తిరగంది ఒగటే. పండక్కి పోయినప్పుడల్లా చెప్దామనుకునేది. ఈసారి కాదు, వచ్చేసారి. ఆయన మంచాన పడినాక ఒగ దినం ఆ బిళ్ళ తెమ్మనె. నువ్వు రుద్దినావు చూడు ఇప్పుడు, అట్లే బొటనవేలు పెట్టి రుద్దుకుంటా రుద్దుకుంటా, కండ్లు మూసుకోనే, "ఏనుగుండాది లేమ్మా" అనె. అప్పుడన్నా చెప్పల్యా నేను. పక్కనే కూచోనుండా, చెయ్యి పట్టుకోనుండా.

ఏడవాకు, నువ్వెందుకు ఏడుస్తావు పిచ్చిదానా. ఇట్ల రా. నువ్వు సల్లగా ఉండాల. తప్పు చెయ్యద్దని అనను, చేస్తావు, మన రక్తమే గద నీది, పెత్తనాలు ఎక్కువ. చేసినాక చెప్పాల్సిన మాట, ఆ మనిషి ఇంటాండగానే నీ నోట్లోంచి రావాల తల్లీ. అదొగటి ఉంటే చాలు నీకు.

ఆ ఫోను ఇంగా ఇంటాందా? ఇట్ల తే, నా నోటికాడ పట్టు.

నాయనా, నేనే తోమినా.